మంచానికి పర్మిట్టు

మాది రాజోలుకీ మలికిపురానికీ మధ్య కాలవ గట్టు మీద ఇల్లు. నేను గిటార్లు తయారుచేస్తాను. ఈ మాట చెప్పగానే చాలామంది నన్ను సరిదిద్దుతారు. "వాయిస్తారాండీ?" అంటారు. వాయిస్తాను గానీ అది వినేవాళ్ళ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. తయారుచెయ్యడం మాత్రం బాగానే చేస్తాను. మా నాన్నగారు మిషన్ స్కూల్లో మేష్టారు. నన్నూ మేష్టర్నే చేద్దామనుకున్నారు. నేను ఓ వేసవిలో చర్చిలో మెడ విరిగిన గిటారుని బాగుచెయ్యబోయి, ఆ పనిలో పడి, మళ్ళీ లేవలేదు. ఆయన పోయేదాకా ఇంటికొచ్చినవాళ్ళకి నన్ను "మావాడు వడ్రంగం నేర్చుకుంటున్నాడు" అనే పరిచయం చేసేవారు. అప్పటికి నా జుట్టు సగం నెరిసిపోయింది.

నా గిటార్లు దాదాపు అన్నీ పనస కర్రవే. ముందు పలకకి మాత్రం బయటి దేశాల నుంచి వచ్చే తేలిక కర్ర తెప్పించుకుంటాను. వెనక పలకా పక్కలూ పనసవి. పనస మా దగ్గర దొరుకుతుంది, పచ్చగా అందంగా ఉంటుంది, దాన్ని చంకన పెట్టుకుని బస్సెక్కితే ఎవరూ ఏమీ అడగరు. మా చుట్టుపక్కల చర్చిల్లో ఎక్కడైనా పసుపుపచ్చటి గిటారు కనిపిస్తే అది నాదే అనుకోవచ్చు. ఆదివారాలు నేను వెనక బల్ల మీద కూర్చుని, నేను చేసిన గిటారుని ఇంకొకరు వాయిస్తుంటే వింటాను. తీగ శ్రుతి తప్పితే లేచి వెళ్ళి బిరడా తిప్పేద్దామనిపిస్తుంది. లేవను. లేస్తే వాయించేవాణ్ణి ఏదో ఒకటి అనకుండా ఉండలేను, నా నోరు ఎలాంటిదో నాకు తెలుసు.

మా ఆవిడ కువైట్‌లో ఉంటుంది. ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని. ఆ పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు, వాళ్ళ తర్వాత తమ్ముళ్ళు పుట్టారు, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. మాకు పిల్లల్లేరు. అప్పులుండి వెళ్ళింది కాదు. వాళ్ళ అక్క అక్కడుండేది, రమ్మంది, ఈవిడ ఒక వీసా తీరేదాకా చూసొస్తానంది, సరే అన్నాను. మా వైపు ఆడవాళ్ళు గల్ఫ్ వెళ్ళడం వింతేమీ కాదు. మగవాడు ఇంట్లో ఉండిపోయి అన్నం వార్చుకోవడం కూడా వింత కాదు. వింత కానంత మాత్రాన అలవాటైపోతుందని మాత్రం ఎవరూ అనుకోకండి. నాకైతే కాలేదు.

మొదట్లో రోజూ మాట్లాడుకునేవాళ్ళం. తర్వాత ఆదివారాలు. తర్వాత వీలైనప్పుడు. ఏం వండుకున్నారు, బీపీ మాత్ర వేసుకున్నారా, కరెంటు బిల్లు కట్టారా అని అడుగుతుంది. నేను అన్నిటికీ వరసగా జవాబు చెప్పి, మరి నువ్వేం తిన్నావని అడిగేలోపల అటునుంచి ఎవరో పిలుస్తారు. "ఉంటానండి" అంటుంది. వెళ్ళిపోతున్నామని చెప్పడానికి మనం ఉంటాననే అంటాం. ఈ సంగతి నేను ముప్పుతిప్పలు పడి ఒంటరిగా కనిపెట్టాను. ఫోను పెట్టేశాక కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంటాను, కూర పొయ్యి మీద మాడేదాకా.

అక్కడ శుక్రవారం సెలవు గనక మనవాళ్ళ ఆరాధన కూడా శుక్రవారమే. ఏదో బిల్డింగు కింద హాల్లో చేరతారట. మా ఆవిడే పాట ఎత్తుకుంటుందట. ఇక్కడున్నన్నాళ్ళూ చర్చిలో పెదవి కదిపేది తప్ప గొంతు బయటికి వచ్చేది కాదు. వంటింట్లో పాడుకునేది, నేను గుమ్మంలోకి వస్తే ఆపేసేది. అక్కడ అంతమంది ముందు పాడుతోందంటే సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఆ పాట నా దగ్గర ఎందుకు రాలేదన్న గుచ్చుడు ఒకటి లోపల ఉండిపోయింది. ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

ఒకరోజు ఆవిడే ఫోను చేసింది. "ఏవండీ, మా గిటారు మెడ వంగిపోయిందండి. ఏసీ గాలికంట. మొన్న మావాళ్ళంతా అడిగేరు, మీ ఆయన చేత్తారు కదా సిస్టర్ అని. మీ చేతిదొకటి ఉంటే బావుణ్ణండి" అంది.

ఎన్నో ఏళ్ళకి మా ఆవిడ నా దగ్గర్నుంచి ఏదో కావాలని అడిగింది. మాత్ర వేసుకోమని కాదు, బిల్లు కట్టమని కాదు. నా చేత్తో చేసింది కావాలంది. నాకు ఒళ్ళంతా ఒక్కసారి వెచ్చబడింది. పైకి మాత్రం, "చూద్దాంలే, చేతిలో పన్లున్నాయి" అన్నాను. చేతిలో పన్లేమీ లేవు.

పనస కర్ర పెడదామనుకుని మళ్ళీ ఆగాను. రాత్రీ పగలూ ఏసీ నడిచే గదుల్లో గాలి పొడిగా ఉంటుంది. కొత్త కర్ర ఆ గాలికి తట్టుకోలేక వంకర పోతుంది, లేకపోతే చీలుతుంది. తాతల కాలం నాటి కర్రయితే ఆరవలసిందంతా ఆరి, వంగవలసిందంతా వంగి, ఇంక కదలదు. అందులోనూ జిట్రేగి అయితే చెప్పక్కర్లేదు. రోజ్‌వుడ్ అంటారే, అదే. నల్లగా, బరువుగా ఉండి, వేలితో కొడితే ఖంగుమంటుంది. కానీ అడవుల్లో తరిగిపోతోందని దాన్ని దేశాలన్నీ కలిసి కాపాడవలసిన కలపల జాబితాలో పెట్టాయి. కొనాలన్నా, ఊరు దాటించాలన్నా, దేశం దాటించాలన్నా కాయితాలు కావాలి. రాజమండ్రి కలప అడితిలో అడిగితే కాయితాలున్న కర్ర ఉంది గానీ అది మొన్న కొట్టిన చెట్టుది. అది ఆరేదాకా కూర్చోడానికి నా ఆయుష్షు చాలదు.

ఆ దిగులుతో ఓ మధ్యాహ్నం మంచం మీద పడుకున్నాను. మా పట్టె మంచం మా ఆవిడ పుట్టింటివాళ్ళది. వాళ్ళది ముక్తేశ్వరం. వాళ్ళ తాతగారు గోదారి మీద తెప్పలుగా వచ్చిన కర్రని జొన్నాడ దగ్గర కొని చేయించారని చెబుతారు. మా పెళ్ళయిన కొత్తలో కొబ్బరికాయల లారీ మీద మా ఇంటికి వచ్చింది. తలవైపు రెండు వెడల్పాటి పలకలుంటాయి. ఒకే దుంగలోంచి కోసి పక్కపక్కన పెట్టినవి. ఈ పలకలో చార ఎటు వంపు తిరిగిందో ఆ పలకలో దానికి ఎదురుగా తిరుగుతుంది. గిటారు వెనక పలకని సరిగ్గా అలాగే కలుపుతాం. ఏదో ఆలోచిస్తూ చెయ్యి వెనక్కి పెట్టి ఆ పలక మీద వేలితో కొట్టాను. ఖంగుమంది. లేచి కూర్చున్నాను.

ఇన్నాళ్ళూ నేను తలగడ ఆనించుకున్నది జిట్రేగికని తెలియక కాదు. మంచాన్ని మంచంలా చూశాను, కర్రలా ఎప్పుడూ చూడలేదు. ఆవిడకి చెప్పకూడదనుకున్నాను. గిటారు అక్కడికి చేరాలి, ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి చూడాలి, ఆ చారల్ని తనే గుర్తుపట్టాలి. అన్నేళ్ళు వాటి కింద తల పెట్టుకుని పడుకున్న మనిషి గుర్తుపట్టదా? గుర్తుపడితే ఇల్లు గుర్తొస్తుంది. ఇల్లు గుర్తొస్తే రావాలనిపిస్తుంది. పైకి ఏసీ అనీ శ్రుతి అనీ ఎన్ని కబుర్లు చెప్పినా నేను ఆ గిటారు చెయ్యాలనుకున్నది మా ఆవిడ ఇంటికొస్తుందని.

మర్నాడే రాజోలులో గల్ఫ్‌కి సామాన్లు పంపే కార్గో కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నాకు తెలిసినవాడే. మా ఆవిడకి ఆవకాయ ఎప్పుడూ ఆయన ద్వారానే వెళుతుంది.

"ఆవకాయైతే ఇలా పెట్టేసి ఎళ్ళిపోండి. సున్నుండలైనా అంతే. కర్ర సామానంటేనే తిరకాసండి. ఏం కర్రండీ?"

"జిట్రేగండి."

ఆయన గొంతు తగ్గించాడు. "అంటే ఎర్రచందనం లాంటిదేనాండి?"

"కాదండి బాబూ. ఇది నల్లగా ఉంటుంది. రోజ్‌వుడ్."

"అమ్మో, రోజ్‌వుడ్డా! ఏదైతే ఏవుందండి, రెండూ సర్కారు కర్రలేగా. ఆ కర్ర ఎక్కణ్ణించొచ్చిందో ఫారెస్టోళ్ళ చేత రాయించి తెండి. అది చేతిలో ఉంటే పైన కావలసిన సర్టిఫికెట్టు నేను చేయించి పెడతాను. లేదనుకోండి, ఎయిర్‌పోర్టులో గిటారూ ఉండిపోద్ది, దాంతోపాటు నా కొట్టూ ఉండిపోద్ది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా ఇంట్లో, నా గదిలో, నేను పడుకునే మంచం ఎక్కణ్ణించొచ్చిందో ఫారెస్టోళ్ళు చెప్పాలా అని ఇంటికొచ్చి గోడలతో చాలాసేపు వాదించాను. గోడలు నాతో ఎప్పుడూ విభేదించవు. మర్నాడు అమలాపురం బస్సెక్కాను.

కొబ్బరి తోటలూ రొయ్యల చెరువులూ ఉన్న చోట అటవీ శాఖకి ఏం పనుంటుందా అని నాకెప్పుడూ అనుమానంగా ఉండేది. పని చాలానే ఉందని ఆ బెంచీ మీద కూర్చున్నాక తెలిసింది. పెరట్లో చెట్టు కొట్టుకుంటామనేవాళ్ళు, కొట్టేసి వచ్చి ఇప్పుడేం చెయ్యమంటారనేవాళ్ళు, లారీ ఎక్కడో ఆగిపోయిందని వచ్చినవాళ్ళు. ఆఫీసరుగారు కొత్తగా బదిలీ మీద వచ్చారు. కడప వైపు మనిషి. ఎర్రచందనం అడవుల్లో చాలా కాలం పనిచేశారట. మనిషి మంచివాడే గానీ కర్ర పేరు వింటే కళ్ళు చిన్నవి చేసి చూస్తారు.

"ఏమి కట్టె సార్?" అన్నారు.

మా వైపు కట్టె అంటే పొయ్యిలో పెట్టేది. నాకు పౌరుషం వచ్చింది. "కట్టె కాదండి, కర్ర."

"అదే సార్, ఏమి కట్టె?"

"జిట్రేగండి."

"యాడ్నుంచి తెచ్చినారు?"

"తేవడం కాదండి. అది మా మంచం."

ఆయన పెన్ను కింద పెట్టారు. నేను అంతా చెప్పాను. గిటారు, ఏసీ గాలి, పాత కర్ర, కార్గో. మిగతాది చెప్పలేదు. ఆయన శ్రద్ధగానే విన్నారు. "బాగుండే మంచాన్ని ఎందుకు కోస్తారు సార్" అని మాత్రం మధ్యలో ఓసారి, ఆఫీసరులా కాకుండా మామూలు మనిషిలా అడిగారు. నేను మళ్ళీ ఏసీ గాలి దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

"సరే. కోసినాక పలకలు తెచ్చి చూపిస్తే అది ఏ మాను కట్టెనో నేను చెప్పలేను. మంచం మంచంగా ఉన్నప్పుడే నేను చూడాల. అంతవరకు చెయ్యి పెట్టొద్దండి" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకాస్త కోపం వచ్చింది.

ఆ తర్వాత అర్జీ, దానికి జతగా ఆధార్, మంచం మా ఇంట్లో చాలాకాలంగా ఉందని ఊళ్ళో రాయించుకున్న కాయితం. ఈ చివరిదానికి నేను తిరిగిన తిరుగుడు చెబితే అదో పురాణం. "మంచం ఎప్పట్నించుందో నాకెలా తెలుస్తుందండి, నేనెప్పుడైనా మీ గదిలోకొచ్చేనా?" అని ఊరి రెవెన్యూ ఆయన నవ్వాడు. నిజమే. మా గదిలోకి ఎవరొస్తారు? ఆఖరికి మా బావమరిది ముక్తేశ్వరం నుంచి వచ్చి సంతకం పెడితే పని జరిగింది. ఆయన టీ తాగి, మంచాన్ని ఓసారి నిమిరి, వాళ్ళ చెల్లి ఎలా ఉందని నన్నడిగాడు. బానే ఉందని చెప్పాను. అంతకంటే నాకూ తెలియదు.

అర్జీ ఇచ్చాక ఆ మంచం మీద నాకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు. వెళ్ళిపోబోయే మంచం మీద పడుకుంటున్నానన్న ఎరుక ఒకటి వచ్చేసింది. పగలు పనేమీ తోచక ముందు పలక నునుపు చేసేవాణ్ణి, మెడ చెక్కేవాణ్ణి. ఆఫీసరుగారు ఎప్పుడొస్తారో తెలియదు గనక ఇల్లు రోజూ ఊడ్చేవాణ్ణి. మా ఇంటికి ఎవరైనా వస్తారని ఎదురుచూసి చాలా కాలమైంది. రావలసింది ఫారెస్టు ఆఫీసరైనా సరే, ఆ ఎదురుచూపు బాగానే ఉండేదని ఒప్పుకోవాలి.

ఓ మధ్యాహ్నం వచ్చారు. వెంట గార్డు ఉన్నాడు. అతను మా వైపువాడే, మలికిపురం దగ్గర. మంచం కింద చూడాలన్నారు. నేనూ గార్డూ కలిసి పరుపు ఎత్తాం. పరుపు ఒక పక్క నా ఒంటికి గుంట పడి ఉంది. రెండో పక్క కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. గార్డు చూశాడు. పరుపుని గోడకి ఆనించేటప్పుడు నేను రెండో పక్కని గోడవైపుకి తిప్పేశాను.

ఆఫీసరుగారు మోకాళ్ళ మీద కూర్చుని మంచం పట్టె అడుగున చాకుతో కొంచెం గీకి, నీళ్ళు రాసి, వాసన చూశారు. టేపు పెట్టి కొలిపించారు. "పాతదే. మంచి కట్టె" అన్నారు. ఆ మాటకి నాకు గర్వమనిపించింది, నేనేదో ఆ చెట్టుని పెంచినట్టు. కుర్చీలో కూర్చుని కాయితాలు తీశారు.

"మంచం మీదేనా?"

"మా ఆవిడ పుట్టింటిదండి."

"అయితే ఆమెని పిలవండి."

"ఇక్కడ లేదండి. కువైట్‌లో ఉంటుంది."

"అయితే ఫోన్‌లో పిలవండి సార్. ఆమె సొత్తు కదా. ఆమె ఒప్పుకున్నట్టు నేను రాయాల."

నా గుట్టంతా అక్కడితో పోయింది. అర్జీలో మంచం మాదని రాశానే గానీ ఎవరిదని అడుగుతారని నాకు తట్టలేదు. ఫోను తియ్యదులే అనుకుంటూ వీడియో కాల్ చేశాను. వెంటనే తీసింది. వెనక పెద్ద వంటగది, తెల్లటి గచ్చు. చేతికి పిండి ఉంది.

"ఏవండీ, ఏమైంది?" ఆ వేళప్పుడు నేనెప్పుడూ చెయ్యను. భయపడింది. ఆ భయం చూసి నాకు, సిగ్గు లేకుండా, కాస్త హాయిగా అనిపించింది.

"ఏం కాలేదు. ఆఫీసరుగారు నీతో మాట్లాడతారు" అని ఫోను ఆయనకిచ్చాను. ఆవిడ చున్నీ తల మీదికి లాక్కుని నమస్కారం పెట్టింది. ఆయన ఫోనుని మంచం వైపు తిప్పారు.

"అమ్మా, ఈ మంచం మీదేనా?"

"ఆయ్, మాదేనండి. మా తాతగారిదండి."

"దీన్ని కోసి మీ ఇంటాయన గిటారు చేసి మీకు పంపుతాడంట. మీకు సమ్మతమేనా?"

"ఆ మంచాన్నేనాండి?" అంది. తర్వాత, "ఆయ్, అలాగేనండి. ఆయనిష్టం."

"రేపు మీరు ఊరికొచ్చినాక, నా మంచం యాడ అని అడగరు కదా? మీకింక దీంతో అవసరం లేదు కదమ్మా?"

అటుపక్క ఎవరో అరబ్బీలో గట్టిగా పిలిచారు. ఆవిడ అటు చూసింది, మళ్ళీ ఇటు చూసింది.

"ఆయ్" అంది. ఫోను ఆగిపోయింది.

ఆఫీసరుగారు పెన్ను కాయితం మీద పెట్టి నా వైపు చూశారు. "ఆయ్ అన్నారు. ఆయ్ అంటే ఏమి సార్? అవసరం లేదనా, ఉందనా?"

బయటివాళ్ళకి ఇది చెప్పడం కష్టం. మా గోదారి వైపు ఆయ్ అంటే అవును. ఆయ్ అంటే వింటున్నానండి అని కూడా. మీరు పెద్దవారు, మీ మాటకి అడ్డు చెప్పను, అలాగని ఒప్పుకున్నాననీ అనుకోకండి అని చెప్పాలన్నా ఆయ్ అనే అంటాం. గుమ్మంలోంచి ఎవరైనా పిలిస్తే ఆయ్. కొబ్బరికాయల బేరం కుదిరినా ఆయ్, కుదరకపోయినా ఆయ్. అవసరం లేదు కదా అన్నదానికి ఆయ్ అంటే, అవునండీ లేదు అని అనుకోవచ్చు. అటు పిలుస్తున్నారండీ, ఉంటాను అనీ అనుకోవచ్చు.

నేను గార్డు వైపు చూశాను. మా వైపువాడు, అతనైనా ఏదో ఒకటి చెబుతాడేమోనని. అతను టేపు చుట్టుకుంటూ, "మీ ఆవిడ కదండీ. మీకే తెలియాలి" అన్నాడు.

మళ్ళీ ఫోను చేశాను. మోగింది, తియ్యలేదు. మళ్ళీ చేశాను.

"అనుమానముంటే ఆపేస్తాను సార్, తొందరేమి లేదు" అన్నారు ఆఫీసరుగారు. ఆయన నాకు సాయం చేద్దామనే అన్నారు. "ఆమె వచ్చినాకే రాసుకుందాం. ఎప్పుడొస్తారు?"

ఈ ప్రశ్న నన్ను అడగనివాళ్ళు లేరు. పక్కింటివాళ్ళడిగితే సెలవు దొరకగానే అంటాను. పాస్టరుగారడిగితే ప్రార్థన చెయ్యండంటాను. పెన్ను పట్టుకుని, జవాబు రాసుకోడానికి సిద్ధంగా కూర్చున్న మనిషి ఎప్పుడూ అడగలేదు. నా భార్య ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. ఆ మాట ఆయన ముందు, గార్డు ముందు, గోడకి ఆనించిన ఆ పరుపు ముందు నా నోటికి రాలేదు. దానికంటే రెండో మాటే తేలికనిపించింది.

"అవసరం లేదనే అందండి" అన్నాను.

ఆయన రాసుకున్నారు. చదివి వినిపించారు. యజమానురాలికి సదరు మంచంతో ఇకమీదట అవసరం లేనట్టు భర్త ద్వారా నిర్ధారించుకోవడమైనది. కింద నేను సంతకం పెట్టాను. గార్డు సాక్షి సంతకం పెట్టి, పెన్ను తిరిగి ఇచ్చేటప్పుడు నా మొహం చూడలేదు. ఇద్దరికీ కొబ్బరి బోండాలు కొట్టించి ఇచ్చాను. వాళ్ళు వెళ్ళాక పరుపు నేనొక్కణ్ణే మంచం మీదికి లాక్కున్నాను.

సాయంత్రం ఆవిడే చేసింది. "ఏవండీ, పరుపు లేకుండా చూపిస్తే ఏ మంచమో ముందు పోల్చుకోలేకపోయానండి" అని నవ్వింది.

"కోపమొచ్చిందా?"

"ఎందుకండీ? మంచిదేగా. ఊరికే మూల పడుండే మంచం."

"మూల పడి ఎక్కడుంది? నేను రోజూ పడుకుంటున్నాను" అన్నాను, కొంచెం గట్టిగానే.

"అదేలెండి, నా ఉద్దేశం అది కాదు."

నువ్వు ఆయ్ అన్నావే, అది దేనికన్నావు అని అడగడానికి అంతకంటే మంచి సమయం లేదు. నోటిదాకా వచ్చింది. బిరడాలు నల్లవి పెట్టనా, తెల్లవి పెట్టనా అని అడిగాను.

"మీ ఇష్టమండి." కాస్త ఆగింది. "మరి మీరెక్కడ పడుకుంటారు?"

"చాప ఉంది కదా."

"చాపేంటండీ, నడుం పట్టేత్తాది మీకు. మలికిపురంలో ఇనప మంచాలు దొరుకుతున్నాయంట, ఒకటి తెచ్చుకోండి." తర్వాత, నా నడుం మీద బెంగతోనే, నాకు మోసుకురావడం కష్టమవుతుందేమోనన్న దయతోనే అంది. "సింగిల్ది చాలండి."

నేను ఏదో అన్నాను.

పర్మిట్టు వచ్చింది. మంచం విప్పాను. మంచం కోళ్ళు అటక మీద పెట్టాను, తలవైపు పలకల్ని రంపానికిచ్చాను. వాటిలోంచి గిటారు పక్కలకి కోసిన పలచటి చెక్కల్ని తడిపి, కాలే ఇనప గొట్టం మీద వంచుతుంటే ఆ కర్రలోంచి తియ్యటి వాసన వచ్చి షెడ్డంతా కమ్ముకుంది. అన్నేళ్ళు ఆ మంచం మీద పడుకున్నా ఆ వాసన ఎప్పుడూ తెలియలేదు. కొయ్యందే, కాల్చందే బయటికి రాదు కాబోలు. పని చేస్తున్నంతసేపూ బాగుండేది. ఇంత మంచి కర్ర మీద నా చెయ్యి ఎప్పుడూ పడలేదు. చిన్న ముక్క పాడుచేసినా నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. పొద్దుగూకి షెడ్డు తలుపు వేసి ఇంట్లోకొచ్చాక మాత్రం, ఖాళీ అయిన ఆ గదిలోకి వెళ్ళబుద్ధయ్యేది కాదు. వసారాలో చాప వేసుకునేవాణ్ణి.

గిటారు నేను చేసినవాటన్నిటిలోకీ బాగా కుదిరింది. కార్గో కొట్టాయన కాయితాలన్నీ రెండుసార్లు చూసుకుని, "మంచమాండి ఇది!" అని దాన్ని అటూ ఇటూ తిప్పి, దుప్పట్లలో చుట్టి పంపించాడు. కొన్నాళ్ళకి ఓ శుక్రవారం మా ఆవిడ ఫోనులో రికార్డు పంపింది. ఎవరో వాయిస్తున్నారు, ఆవిడ పాడుతోంది. కింది తీగలు మోగినప్పుడల్లా ఆ హాల్లో నేల కూడా మోగుతున్నట్టుంది. ఆవిడ గొంతు నేను ఎరిగినదానికంటే పెద్దది. ఎక్కడా తడబాటు లేదు, ఎవరైనా గుమ్మంలోకి వస్తారేమోనన్న జంకు లేదు. పాటయ్యాక అందరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. అందులో ఆవిడ నవ్వు కూడా ఉంది. చాలాసార్లు విన్నాను. వెనక పలక చారలు చూశావా అని అడగలేదు. ఇంక గుర్తుపట్టవలసిన పని ఆవిడకి లేదు కదా, ముందే తెలిసిపోయాక. అందరూ చాలా మెచ్చుకున్నారండి, అని కింద రాసి పెట్టింది.

ఆ వారంలోనే నడుం పట్టేసింది. చాప మీంచి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఇంక తప్పక మలికిపురం వెళ్ళాను. కొట్టువాడు మంచాలు గోడకి వరసగా నిలబెట్టి ఉంచాడు. "ఇంట్లో ఎవరెవరుంటారండీ?" అని అడిగాడు, ఏ సైజు చూపించాలో తెలియడానికి.

"నేనూ మా ఆవిడా" అన్నాను.

డబుల్ మంచం ఆటో మీద కట్టించుకుని తెచ్చాను. గదిలో పట్టడానికి బీరువా జరపవలసి వచ్చింది. ఆవిడకి ఇంకా చెప్పలేదు. వీడియోలో మాట్లాడేటప్పుడు వెనక గోడ తప్ప ఇంకేమీ కనబడకుండా ఫోను పట్టుకుంటున్నాను.